డెర్బీ పందెము: ఎప్సమ్ నుండి మలకపేట వరకు

గత శీతకాలమున ఒకనాటి మధ్యాహ్నము తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన భోజనపు డబ్బాకు చుట్టి తెచ్చిన వార్తాపత్రిక కాగితమును చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఆ కాగితముమీద "గోలకొండ డెర్బీ" యను శీర్షికయు, దాని క్రింద కొన్ని గుఱ్ఱముల పేర్లును ముద్రింపబడియుండెను. వానిలో రెండు పేర్ల ప్రక్క ఎవరో ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తులు పెట్టియుండిరి. "సార్, గోలకొండ మనదే గదా! మఱి ఈ డెర్బీ ఎక్కడిది?" అని వాడడిగెను.

ప్రశ్న చిన్నది, ఉత్తరము మాత్రము రెండువందల నలువది యేండ్లకు పైబడిన కథ. అంతలో గంట మ్రోగుటచే ఆనాడు రెండు మాటలే చెప్పగలిగితిని. తక్కినది మన వార్షిక సంచికలో వ్రాసెదనని వానికి మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ వ్యాసము. ఎఱ్ఱ గుర్తుల సంగతి కడపట చెప్పెదను.

ఓరుగల్లు వారికి గుఱ్ఱము క్రొత్తది కాదు. 1310 లో మాలిక్ కాఫూర్ సేన మన కోటను ముట్టడించినప్పుడు, ప్రతాపరుద్రుడు సంధికి సమ్మతించి యిచ్చిన వస్తువులలో నూరు ఏనుగులును, 7,000 గుఱ్ఱములును ఉండెనని బరనీ యను ఢిల్లీ చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఆ దినములలో గుఱ్ఱము రాజ్యమును నిలువబెట్టు బలము. మేలుజాతి గుఱ్ఱములు అరేబియా, పారశీక దేశములనుండి ఓడలమీద దక్షిణాపథమునకు వచ్చుచుండెడివి. వాని కొఱకు మన రాజులు మిక్కిలి ధనము వెచ్చించెడివారు.

ఇంగ్లండు దేశపు పందెపు గుఱ్ఱమునకును మూలము ఆ తూర్పు దేశములే యనిన సంగతి మీకు వింతగా తోచవచ్చును. పదునేడవ శతాబ్ది చివరను, పదునెనిమిదవ శతాబ్ది మొదటను తూర్పునుండి ఆ దేశమునకు చేరిన మగగుఱ్ఱములలో మూడింటి పేర్లు నేటికిని చెప్పుకొనబడుచున్నవి. అవి బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. వీనిని ఇంగ్లండులోని ఆడుగుఱ్ఱములతో కలిపి పెంపొందించిన జాతికి థరోబ్రెడ్ అని పేరు. లోకములో ఎక్కడి థరోబ్రెడ్ గుఱ్ఱమునకైనను తండ్రివైపు వంశము ఈ మూడింటిలో ఒకదానిని చేరవలసినదే. ఈ వంశములను తప్పులేకుండ వ్రాసియుంచుటకై 1791 లో ఇంగ్లండున ఒక వంశావళి గ్రంథము మొదలిడబడెను. గుఱ్ఱము పుట్టిన సంవత్సరము, తల్లి, తండ్రి యన్నియు అందు ఎక్కును. ఈ పుస్తకపు సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఇక డెర్బీ. లండను నగరమునకు దక్షిణముగా సుమారు పదునైదు మైళ్ల దూరమున ఎప్సమ్ అను ఊరు కలదు. దానిని ఆనుకొని గడ్డి బయళ్లు గల మిట్టనేలలున్నవి. ఆ ప్రాంతమున పన్నెండవ డెర్బీ ప్రభువునకు "ది ఓక్స్" అను పేరుగల యొక గృహముండెను. డెర్బీ యనునది నిజముగా ఒక ఊరిపేరు. ఆ వంశమువారికి అది బిరుదుగా వచ్చినది. 1779 లో ఈ ప్రభువును, ఆయన స్నేహితులును కలసి మూడేండ్ల ఆడుగుఱ్ఱములకు ఒక పందెము నేర్పఱచి, దానికి ఆ యింటిపేరే పెట్టిరి. మొదటి ఓక్స్ పందెమును ఆ ప్రభువుగారి గుఱ్ఱమే గెలిచెను. ఆ యుత్సాహముతో మరుసటి సంవత్సరము మగగుఱ్ఱములును, ఆడుగుఱ్ఱములును కలసి పరుగెత్తు మఱియొక పందెమును పెట్టదలచిరి. దానికి ఎవరి పేరు పెట్టవలెనను విషయమున డెర్బీ ప్రభువును, సర్ చార్లెస్ బన్‌బరీయును నాణెమెగురవేసి చూచిరనియు, బొమ్మా బొరుసా యను ఆ యాటలో డెర్బీ గెలిచెననియు ఒక ఐతిహ్యము కలదు. అది నిజమే యైనచో, నాణెము మఱియొక వైపు పడియుండిన మనవాడు "గోలకొండ బన్‌బరీ ఎక్కడిది సార్?" అని యడిగియుండును!

1780 మే నెల 4 వ తేదీన మొదటి డెర్బీ జరిగెను. తొమ్మిది గుఱ్ఱములు పరుగెత్తెను. పేరు డెర్బీ ప్రభువునకు దక్కినను, గెలుపు బన్‌బరీకి దక్కెను. ఆయన గుఱ్ఱము పేరు డయోమెడ్. డెర్బీ ప్రభువు తన పేరిటి పందెమును 1787 లో ఒకమారు గెలిచెను. ఆ పిమ్మట ఆ వంశమువారికి మఱల ఆ గెలుపు 1924 లో గాని రాలేదు. పందెము తమ యింటిపేరిదే యైనను నూటముప్పదియేడు సంవత్సరములు వేచియుండవలసి వచ్చెను! గుఱ్ఱమునకు ప్రభువు పేరుతో పని లేదు గదా.

డయోమెడ్ కథయు వినదగినది. అది వృద్ధాప్యమున దేనికిని పనికిరాదని తలపబడి, 1798 లో ఇరువదియొక్క యేండ్ల వయస్సున ఏబది గినీలకు అమ్మబడెను. కొన్నవారు దానిని ఓడమీద అమెరికాలోని వర్జీనియాకు పంపిరి. అక్కడ అది 1808 వఱకు జీవించి, ఆ దేశపు పందెపు గుఱ్ఱముల వంశములకు మూలపురుషులలో ఒకటిగా ప్రసిద్ధి కెక్కెను. గుఱ్ఱముల నెఱిగినవారని పేరుపడిన వారే దాని విలువను కట్టలేకపోయిరి.

ఈ పందెముయొక్క నియమములు సులభముగా తెలియును. దారిలో దూకవలసిన కంచెలు గాని కందకములు గాని లేని సాదా పరుగు ఇది. మొదట దూరము ఒక మైలు. 1784 నుండి మైలున్నర, అనగా సుమారు 2,400 మీటరులు. మూడేండ్ల గుఱ్ఱములే పరుగెత్తవలెను. ఆడుగుఱ్ఱము మోయు బరువు మగగుఱ్ఱము మోయు బరువుకంటె కొంచెము తక్కువ. ఐనను ఆడుగుఱ్ఱములు గెలుచుట అరుదు. 1801 లో ఎలియనోర్ అను ఆడుగుఱ్ఱము మొదటిసారిగా డెర్బీని గెలిచి, ఓక్స్ పందెమునుగూడ గెలిచెను. ఎప్సమ్ దారి గుఱ్ఱపు నాడా ఆకారమున నుండును. మొదటి సగము ఎక్కుడు. పిదప టాటెన్‌హామ్ మలుపువద్ద దిగుచు ఎడమకు తిరుగవలెను. ఆ మీదట తిన్నని బాట. కడపట మఱల కొంచెము ఎక్కుడు. కావున కేవలము వేగము చాలదు. ఊపిరి నిలుపుకొనవలెను, దిగుడులో కాలు తడబడరాదు, రౌతు మాట వినవలెను.

మూడేండ్ల గుఱ్ఱములకే యను నియమము మఱియొక సంగతిని తెచ్చుచున్నది. ఏ గుఱ్ఱమైనను తన జీవితములో ఒక్కసారి మాత్రమే డెర్బీలో పరుగెత్తగలదు. ఈ యేడు ఓడినచో వచ్చు నేడు చూచుకొందమనుటకు వీలులేదు. మన పరీక్షలలోనైనను రెండవ తడవ వ్రాయుట కలదు, ఇందులో లేదు. డెర్బీకి గల గౌరవములో సగము దీనివలననే వచ్చినది.

ఇటువంటి నియమమున్నచోట మోసమునకును తావుండును. నాలుగేండ్ల గుఱ్ఱము మూడేండ్లదానికంటె బలమైనది. 1844 లో "రన్నింగ్ రైన్" అను పేరిట నొక గుఱ్ఱము డెర్బీలో మొదట వచ్చెను. అది మూడేండ్లది కాదనియు, మకాబియస్ అను నాలుగేండ్ల గుఱ్ఱమునకు పేరు మార్చి తెచ్చిరనియు అనుమానము పుట్టెను. జార్జి బెంటింక్ ప్రభువు పట్టుదలతో విచారించి సాక్ష్యములు కూడబెట్టెను. రెండవదిగా వచ్చిన ఆర్లండోయొక్క యజమాని న్యాయస్థానమున వ్యాజ్యము నడిపెను. గుఱ్ఱము వయస్సు దాని పండ్లను జూచి తెలిసికొనవచ్చును. కావున న్యాయాధిపతి, గుఱ్ఱమును తెచ్చి చూపుడనెను. గుఱ్ఱము కానరాలేదు! పరీక్షకు నిలువలేని గెలుపు నిలువదు. బహుమానము ఆర్లండోకు చెందెను. పైన చెప్పిన వంశావళి పుస్తకముయొక్క ప్రయోజనము ఇప్పుడు మీకు తెలిసియుండును. పుట్టిన సంవత్సరమును నిజముగా వ్రాయనిచో గెలిచినది ఏది, ఓడినది ఏది అను మాటకే అర్థములేదు. బడిలో చేర్చునప్పుడు పిల్లల వయస్సును తగ్గించి వ్రాయింపజూచు తల్లిదండ్రులుగూడ ఈ కథను కొంచెము ఆలోచింతురుగాక.

డెర్బీ దినము ఇంగ్లండున ఒక పెద్ద జాతరవంటిదై, పందొమ్మిదవ శతాబ్దిలో చాలకాలము పార్లమెంటు సభకుగూడ ఆ దినమున సెలవు ఇయ్యబడుచుండెను. రెండు ప్రపంచయుద్ధముల కాలమున ఎప్సమ్ మైదానము అందుబాటులో లేకున్నను పందెము మానలేదు. న్యూమార్కెట్ అను చోట జరుపబడెను. అయితే ఈ జాతరలో ఒక విషాదమును గలదు. 1913 జూన్ 4 వ తేదీన ఎమిలీ డేవిసన్ అను స్త్రీ టాటెన్‌హామ్ మలుపువద్ద కమ్మీ క్రిందనుండి దూరి, పరుగెత్తివచ్చు గుఱ్ఱముల నడుమ నిలిచెను. ఐదవ జార్జి రాజుగారి గుఱ్ఱము ఆమెను తాకి పడవేసెను. నాలుగు దినములకు ఆమె మరణించెను. ఆమె స్త్రీలకు వోటు హక్కు కావలెనని పోరాడినవారిలో ఒకతె. ఇంగ్లండున ముప్పదియేండ్లు దాటిన స్త్రీలలో అనేకులకు 1918 లోను, పురుషులతో సమానముగా 1928 లోను ఆ హక్కు లభించెను. దేశమంతయు ఒకచోట చూచుచున్న దినమది యొక్కటే గనుక ఆమె ఆ దినమునే యెంచుకొనెనని తలంచవచ్చును.

మన దేశమువారును ఎప్సమ్‌లో గెలిచిరి. గుజరాతు ప్రాంతమునందలి రాజపిప్లా సంస్థానపు మహారాజుగారి గుఱ్ఱము విండ్సర్ లాడ్ 1934 లో డెర్బీని గెలిచెను. మూడవ ఆగాఖాన్ గారి గుఱ్ఱములు 1930, 1935, 1936, 1948, 1952 సంవత్సరములలో ఐదుమార్లు గెలిచెను. ఇంతలో పందెమే మన దేశమునకు తరలివచ్చెను. బొంబాయిలోని మహాలక్ష్మి మైదానమున భారతదేశపు డెర్బీ 1943 లో మొదలయ్యెను. దానిని మొదట గెలిచినది బరోడా మహారాజుగారి "ప్రిన్సెస్ బ్యూటిఫుల్". అది ఆడుగుఱ్ఱమని మన విద్యార్థినులు గమనింపవలెను.

ఇక మన హైదరాబాదు. అక్కడ గుఱ్ఱపు పందెములు 1868 లో మౌలాలి వద్ద మొదలైనవి. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ గారి కాలమున, 1886 లో, అవి మలకపేటకు మార్చబడెను. ఆయన మహబూబ్ మాన్షన్ అను భవనము అచ్చటికి సమీపముననే యుండెను. సంస్థానము పోయి, రాష్ట్రములు మారిన పిమ్మట 1961 లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడెను. ఇంగ్లండున ఐదు పందెములు మిక్కిలి గొప్పవిగా నెంచబడును: డాన్‌కాస్టర్‌లో 1776 లో మొదలైన సెయింట్ లెజర్, ఎప్సమ్‌లోని ఓక్స్, డెర్బీ, న్యూమార్కెట్‌లో 1809 లో మొదలైన రెండువేల గినీలు, 1814 లో మొదలైన వేయి గినీలు. ఈ యైదింటికిని మలకపేటలో నకళ్లు గలవు. ప్రతి పేరునకు ముందు గోలకొండ అని చేర్చిరి. గోలకొండ డెర్బీ దూరముగూడ ఎప్సమ్ వలెనే 2,400 మీటరులు. అది శీతకాలమున జరుగును. వర్షకాలపు పందెములలో దక్కన్ డెర్బీ యని వేఱొకటి కలదు. అది అనేక సంవత్సరములు అక్టోబరు 2 వ తేదీన, అనగా గాంధీమహాత్ముని జన్మదినమున జరిగినది. ఈ విధముగా ఒక ఆంగ్ల ప్రభువు బిరుదు మన కోట పేరుతో జతపడినది.

ఇంతవఱకు చెప్పినది గుఱ్ఱముల కథ. ఇక మనుష్యుల కథ కొంచెము చెప్పవలెను. ఏలననగా మైదానమునకు పోవువారిలో పలువురు గుఱ్ఱమును జూచుటకు గాక డబ్బు కట్టుటకే పోవుదురు.

పందెము కట్టుట రెండు విధములు. మొదటిది బుకీతో కట్టుట. రెండు గుఱ్ఱములు సరిసమానమైనవనుకొనుడు. న్యాయముగా పది రూపాయలు కట్టినవానికి గెలిచినచో తన పదియు, మఱి పదియు రావలెను. కాని బుకీ తన పదితోబాటు తొమ్మిదియే యిచ్చెదననును. ఒకడు ఒక గుఱ్ఱముమీద, మఱియొకడు రెండవదానిమీద పదేసి కట్టినచో బుకీ చేతికి ఇరువది వచ్చును. ఏది గెలిచినను అతడిచ్చునది పందొమ్మిదియే. గుఱ్ఱములలో ఏదో యొకటి ఓడును. బుకీ మాత్రము ఓడడు.

రెండవది టోటలైజేటరు. అందఱు కట్టిన సొమ్మును ఒక రాశిగా పోసి, పన్నును, నిర్వహణపు ఖర్చును తీసివేసి, మిగిలినదానిని గెలిచినవారికి పంచుదురు. లెక్క తేలికగా నుండుటకై నూటికి ఇరువది తీసిరనుకొనుడు. నూఱు రూపాయలు కట్టిన గుంపునకు తిరిగి వచ్చునవి ఎనుబదియే. ఆ యెనుబదిని మఱల కట్టినచో అఱువదినాలుగు. మూడవమారు ఏబదియొకటి, నాలుగవమారు నలువదియొకటి, ఐదవమారు ముప్పదిమూడు. ఐదు పందెములలో గుంపు సొమ్ములో మూడింట రెండు పాళ్లు కరగిపోయినవి! ఒక్కొక్కనికి ఒక్కొక్కనాడు లాభము రావచ్చును. గుంపునకు మాత్రము ఎన్నడును రాదు. ఇది నీతిబోధ కాదు, ఎనిమిదవ తరగతి శాతముల లెక్క.

"గుఱ్ఱపు పందెము జూదము కాదని సుప్రీంకోర్టే చెప్పినది గదా?" అని కొందఱందురు. నిజమే. మద్రాసు రాష్ట్రపు వారసురాలైన తమిళనాడు ప్రభుత్వము 1974 లో గుఱ్ఱపు పందెములను నిషేధించుచు చట్టము చేసెను. ఆ వివాదము తుదకు సుప్రీంకోర్టునకు చేరగా, 1996 లో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. పందెపు ఫలితము ముఖ్యముగా గుఱ్ఱముయొక్క జాతి, శిక్షణ, రౌతుయొక్క నేర్పు మొదలగువానిపై ఆధారపడును గనుక అది కేవలము అదృష్టపు ఆట కాదని వారి నిర్ణయము. కాని దీనిని సరిగా గ్రహింపవలెను. నేర్పు గుఱ్ఱమున నున్నది, రౌతులో నున్నది, వేకువజామున లేచి దానిని తోమి, మేపి, నడిపించు సేవకునిలో నున్నది. పందెములను చదివి తెలిసికొనుటలోను కొంత నేర్పు ఉండవచ్చును. ఐనను పైన వేసిన లెక్కను ఆ నేర్పు మార్చలేదు. నేరము కానిదెల్లయు మేలు కాజాలదు.

ఇక ఎఱ్ఱ గుర్తుల సంగతి. ఆ బాలుడు ప్రశ్న వేసిన కొన్ని వారములకు వాని తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయన రైతు. రుసుము చెల్లించుటకు గడువు కావలెనని యడిగి, చాలసేపు ఊరకుండి, పిదప చెప్పెను. చదువు కొఱకు దాచిన సొమ్మును పెద్దకుమారుడు ఎవరో ముక్కుమొగము తెలియని మధ్యవర్తులకు ఫోనుమీదనే పందెముగా కట్టెనట. అది ఏ యూరి పందెమో, ఆ సొమ్ము ఎవరికి చేరెనో ఆ కుఱ్ఱవానికే తెలియదు. గుఱ్ఱమును వాడు కంటితో చూచియుండలేదు. ఎఱ్ఱ పెన్సిలు గుర్తులు వానివే. "చిన్నవాడు ఏ తప్పు చేయలేదు సార్, వాణ్ణి పరీక్షకు కూర్చోనియ్యండి" అని ఆ తండ్రి యనెను. బాలుడు పరీక్ష వ్రాసెను. మంచి మార్కులతోనే పై తరగతికి వచ్చెను. అన్నయు ఇప్పుడు తండ్రికి పొలములో తోడ్పడుచున్నాడని విని సంతోషించితిని.

కావున నాయనా, నీ ప్రశ్నకు ఇది నా యుత్తరము. గోలకొండ మనది. డెర్బీ ఇంగ్లండులోని ఒక ఊరిపేరు; ఒక ప్రభువువలన పందెమునకు వచ్చినది. గుఱ్ఱముయొక్క వంశము తూర్పుదేశములది. పరుగుమాత్రము, ఎవరి పేరు పెట్టినను, ఆ గుఱ్ఱమునది, దాని రౌతుది. మూడేండ్లు మేత మేసి, అభ్యాసము చేసి, ఒక్కనాడు నిజమైన వయస్సుతో, నిజమైన బరువుతో నిలిచి పరుగెత్తిన గుఱ్ఱమును జూచి మెచ్చుకొనుటలో తప్పులేదు. ఎన్నడైన మలకపేటవైపు పోయినచో కంచెప్రక్క నిలిచి చూడుము. అంత అందముగా పరుగెత్తు ప్రాణి లోకములో అరుదు. చూచుటకు చేతిలో ఎఱ్ఱ పెన్సిలు అక్కఱలేదు.